తడి చెవి, పొడి చెవి

మా ఊరి ఇసుక దిబ్బల్లో పాత ఎముకలు బయటపడిన ఏడాది, విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరుగారు దిగి, మా అందరి చెవుల్లో గులిమి చూస్తానన్నారు. టోక్యోలో ఒలింపిక్స్ జరిగిన అయిదో ఏడు అది. అవతల మనిషి చంద్రుడి మీద కాలు పెట్టి వచ్చాడు. ఇవతల ఈయనకి మా చెవులు కావలసి వచ్చాయి.

మాది పడమటి సముద్రపు ఒడ్డున అరవై గడపల ఊరు. మగవాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళం వచ్చిన చేపను కోసి ఎండబెడతాం, తిండికి సరిపడా నాలుగు మడులు వరి వేసుకుంటాం. నా పేరు హత్సునో. మా ఆయన యసోకిచి రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. మాకు ఒక్కతే కూతురు, కజుయో. ఊరి బడిలో పంతులమ్మ. పిల్లలకి అర మార్కు ఊరికే వెయ్యదు, అర మార్కు ఊరికే కొయ్యదు. అబద్ధం రాయమంటే దానికి చెయ్యి రాదు.

దిబ్బల్లో ఇసుక తవ్వుకునేవాళ్ళకి మొదట ఒక పుర్రె కనపడింది. తరవాత ఇరవై, ఆ తరవాత వంద. రెండు వేల ఏళ్ళ నాటివట. అందరినీ మొహం సముద్రం వైపు తిప్పే పడుకోబెట్టారట. దాంతో ప్రొఫెసరుగారు ఒక సాయంత్రం ఊరందరినీ బడి హాల్లో కూర్చోబెట్టి మా పుట్టుపూర్వోత్తరాలు మాకే చెప్పారు.

ఈ దీవుల్లో ముందునుంచీ ఒక జనం ఉండేవారట. వేటాడి, గవ్వలేరుకుని బతికేవారు. వాళ్ళ చెవి గులిమి తడిగా, జిగురుగా ఉండేదని ఆయన నమ్మకం. తరవాత అవతలి ఒడ్డునున్న కొరియా నుంచి వరి విత్తనాలు మూట కట్టుకుని పడవల మీద ఇంకో జనం వచ్చారు. వాళ్ళ గులిమి పొడిగా తవుడులా రాలేది. ఆ ఇద్దరూ కలిస్తే మనమయ్యాం. ఏ ఊళ్ళో ఎవరి పాలు ఎంతో చెవులు చూస్తే తెలుస్తుందన్నారు.

ఎనభై ఏళ్ళ తోమె అవ్వ, చేపలెండేసే ఆడవాళ్ళందరికీ పెద్ద, కూర్చున్న చోటి నుంచే కేకేసింది.

"ఇదిగో మాస్టారూ, మనం దేవతల సంతానమని మా చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టించారు. ఇప్పుడు మీరొచ్చి చెవిలో మురికి చూసి తేలుస్తానంటారేంటి? దేవతలకి గులిమి ఉండేదా లేదా, ముందది చెప్పండి."

"వాళ్ళెవరూ చూపించుకోవడానికి రాలేదవ్వా, వస్తే చూసేవాణ్ణే," అన్నారాయన. హాలంతా గొల్లుమంది.

"అయితే మేం కొరియా నుంచి వచ్చామంటారా? మా తాతా, మా తాతకి తాతా ఇక్కడే పుట్టారు."

"ఎవరి తాతైనా ఎప్పుడో ఒకప్పుడు పడవ దిగినవాడే కదవ్వా."

నేనూ నవ్వాను. నేను నవ్వుతుండగానే ఆయన నల్లబల్ల మీద బొమ్మ గీశారు. మగవాళ్ళకి గడి, ఆడవాళ్ళకి సున్నా. తడి చెవి అయితే నల్లగా నింపాలి, పొడి చెవి అయితే ఖాళీగా వదిలెయ్యాలి. ఇంటికొక కాగితం, దాని మీద తల్లీ తండ్రీ పిల్లలూ. రేపు అవన్నీ ఇక్కడే గోడకి అంటిస్తారట.

"తల్లిదండ్రుల్లో ఒకరిది తడి అయితే చాలు, పిల్లలకి తడి రావచ్చు. ఇద్దరిదీ పొడి అయితే మాత్రం పిల్లలకి తడి చెవి రాదు. కొన్ని వందల ఇళ్ళు చూశాను. ఎక్కడా తప్పలేదు," అన్నారు.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

మా ఇళ్ళల్లో చెవి శుభ్రం చెయ్యడమంటే మనిషి తల ఒళ్ళో పెట్టుకుని, వెదురు పుల్లతో నిదానంగా తియ్యడం. మా ఆయనకి పెళ్ళైన దగ్గర్నుంచీ నేనే తీస్తున్నాను. పొడి. నాది నేనే తీసుకుంటాను, అదీ పొడే. కజుయోకి మాత్రం పసితనం నుంచీ పుల్లకి దూది చుట్టాల్సిందే. అంతా తడి, బంక. "నా బంగారానికి తేనెపట్టు చెవులు" అని ముద్దు చేసేదాన్ని. ఎందుకలా ఉందని ఒక్కనాడూ అనుకోలేదు. చెవిలో మురికి కూడా వంశం చెబుతుందని నాకేం తెలుసు?

కజుయోని నేను కనలేదు. ఈ సంగతి నాకూ మా ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు. మా అత్తమామలు మనవరాలనుకునే ముద్దాడి, అలాగే అనుకుంటూ పోయారు. దానికి అసలే తెలియదు. తెలిసిన రోజున నన్ను అమ్మా అని పిలవడం మానేస్తుందని ఇరవై మూడేళ్ళుగా నా భయం. నాకు చావంటే కూడా అంత భయం లేదు.

పోనీ వెళ్ళకుండా ఊరుకుందామంటే అదీ కుదరదు. మా ఊళ్ళో ఏ కబురైనా ఒక చెక్క పలకకి అంటించి ఇంటింటికీ తిప్పుతారు. చదివినవాళ్ళు ముద్ర వేసి పక్కింటికి ఇవ్వాలి. 'మా ఇంటి నుంచి ముగ్గురం వస్తాం' అని వారం ముందే ముద్ర వేసి తోమె అవ్వ చేతిలో పెట్టాను. ముద్ర వేసి రాకపోవడం మా ఊళ్ళో లేదు. జ్వరమని పడుకుంటే గంజి గిన్నెలు పట్టుకుని పదిమంది వస్తారు, వాళ్ళ వెనకే ప్రొఫెసరుగారూ వస్తారు.

మర్నాడు పొద్దున్నే పంతుళ్ళవీ, మగవాళ్ళవీ చూశారు. కాగితాలు నింపే పని కజుయోకే అప్పజెప్పారు, చేతిరాత బాగుంటుందని. పది గంటలకి వెళ్ళి గుమ్మంలోంచి తొంగి చూశాను. మా కాగితం గోడ మీద ఉంది. మా ఆయన గడి ఖాళీ. కజుయో సున్నా నల్లగా నిగనిగలాడుతోంది. మధ్యలో నా సున్నా నా కోసం ఎదురుచూస్తోంది.

ఇంటికి పరిగెత్తుకొచ్చాను. జుట్టుకి రాసుకునే త్సుబాకి గింజల నూనె సీసా తీసి, పక్కకి ఒరిగి రెండు చెవుల్లోనూ పోసుకున్నాను. రెండు చుక్కలు చాలునేమో. భయంలో చేతికి కొలత ఉంటుందా?

మా ఆయన వల బాగుచేసుకుంటూ చూశాడు. "ఏంటది?"

"చెవి పోటు."

"రెండు చెవులూనా?" వల ముడి ఒకటి బిగించి, "చెప్పెయ్యరాదా దానికి?" అన్నాడు.

"నువ్వూరుకోవయ్యా! ఇరవై ఏళ్ళు నోరు మెదపనివాడివి ఇవాళే మెదపాలా?"

ఆయన మళ్ళీ వలలోకి తల దించేశాడు. నేను తలగుడ్డ బిగించుకుని బడికి నడిచాను. చెవుల్లో నూనె గుడగుడమంటోంది, ఎవరేం పలకరించినా నీళ్ళలోంచి విన్నట్టుంది.

చెవులు చూసేది కురమొచి అని ప్రొఫెసరుగారి శిష్యుడు. పాతికేళ్ళుంటాయి, మెత్తటి మనిషి. పక్కనే బల్ల దగ్గర కజుయో కలం పట్టుకుని కూర్చుంది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూస్తే వెనక్కి పారిపోవాలనిపించింది.

"కుర్చీలో ఇలా వాలండి, నొప్పి ఉండదు," అన్నాడు కురమొచి. దూది పుల్ల పెట్టి తీశాడు. దూది నానిపోయి నూనె నా మెడ మీదకి కారింది. ఆ నూనె మధ్యలో చిన్న పొడి రేకు ఒకటి అంటుకుని ఉంది. అతను దాన్ని చూశాడు. నా మొహం చూశాడు. తలెత్తి గోడ మీది కాగితం వైపు చూశాడు. చదువుకున్నవాడు, అర్థం కావడానికి ఎంతసేపు?

"తడి," అన్నాడు గట్టిగా.

ఆ పిల్లాడి తల్లి కడుపు చల్లగా ఉండాలి అనుకున్నాను. కానీ కజుయో కలం కదలలేదు. అదీ ఆ దూదినే చూస్తోంది.

"కాదు కురమొచి గారూ, అది నూనె," అంది.

వెనక వరసలోంచి తోమె అవ్వ అందుకుంది. "ఏమే హత్సునో, చెవిలో చేపలు వేయించుకుంటున్నావా ఏంటే? మా ఇంట్లో దీపానికి లేదే అంత నూనె!"

అందరూ పగలబడి నవ్వారు. కజుయో నవ్వలేదు. లేచి గోడ మీది మా కాగితం తీసి బల్ల మీద పెట్టుకుంది. నా సున్నా పక్కన 'పొడి' అని రాసింది. రాశాక ఆ మూడింటినీ చూస్తూ అలాగే ఉండిపోయింది. ఖాళీ గడి, ఖాళీ సున్నా, కింద నల్ల సున్నా. నిన్న నల్లబల్ల మీద బొమ్మ దానికీ గుర్తే కదా.

కురమొచి మెల్లగా ఆ కాగితం దాని చేతి కింద నుంచి తీసుకుని మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "ఇది గోడకి వద్దులెండి, సిరా ఆరలేదు," అన్నాడు. ఆ తరవాత ఇంకా నలభై మంది చెవులున్నాయి. కజుయో ఒక్క పేరు తప్పు పోకుండా అన్నీ రాసిందని తరవాత విన్నాను.

నేను ఇంటికొచ్చి ఎండేసిన చేపల మధ్య కూర్చున్నాను. కాకులు రెండు చేపలు ఎత్తుకుపోయినా అదిలించలేదు. కజుయో వస్తే ఏం చెప్పాలో పది రకాలుగా అల్లుకున్నాను. ఒక్కటీ నిలబడలేదు.

అయిదు గంటలకి వచ్చింది. గడప దాటుతూ 'వచ్చాను' అనడం మాకు ఊపిరిలాంటి అలవాటు. ఆ రోజు అనలేదు. చెప్పులు విప్పి సరిగా తిప్పి పెట్టి, పెట్టెలోంచి వెదురు పుల్లా దూదీ తీసుకుని చాప మీద కూర్చుంది.

"ఇలా వచ్చి తల పెట్టు. నూనె అలాగే ఉంచితే చీము పడుతుంది," అంది.

దాని ఒళ్ళో తల పెట్టుకున్నాను. మా అమ్మ పోయాక నా చెవి ఇంకొకరు తియ్యడం అదే మొదలు. నా మొహం గోడ వైపుంది, దానికి కనపడదు. దాని మొహం నాకు కనపడదు. ఆ పిల్ల కావాలనే అలా పడుకోబెట్టిందని తరవాత తెలిసింది.

"నేను ఎవరి పిల్లని?" అంది, నూనె అద్దుతూ.

అల్లుకున్న పది అబద్ధాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. మొదటి నుంచీ చెప్పాను. యుద్ధం ఆఖరి వేసవిలో మీ నాన్నని సైన్యంలోకి లాక్కుపోయారు. అప్పట్లో కొరియా మన పాలనలోనే ఉండేది, మేం దాని ఉత్తరాన ఉండేవాళ్ళం, నేను కడుపుతో ఉన్నాను. యుద్ధంలో మన దేశం ఓడిపోయాక ఆడపిల్ల పుట్టింది. కజుయో అని పేరు పెట్టుకున్నాను. ఆ పసిదాన్ని వీపున కట్టుకుని కొండలు దాటి, దక్షిణానికి నడిచి, పుసాన్‌లో ఓడ ఎక్కాను. సెన్‌జాకి రేవు కళ్ళ ముందు కనపడుతోంది గానీ, ఓడలో కలరా అనుమానమని దిగనివ్వలేదు. ఆరు రోజులు నీళ్ళలోనే ఉంచారు. రెండో రోజు నా పిల్ల పోయింది. సముద్రంలో వదిలేశారు.

పుల్ల ఆగింది. మళ్ళీ కదిలింది.

"నా పక్కన ఒకావిడ జ్వరంతో పడి ఉంది. ఆవిడకి నా పిల్ల ఈడు పిల్ల. ఆవిడ దగ్గర పాలు లేవు. నాకు పాలు పొంగి రవిక తడిసిపోతోంది, తాగే నోరు లేదు. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. నిన్ను తీసి రొమ్ముకి పెట్టుకున్నాను. నాలుగు రోజులు నువ్వు నా దగ్గరే తాగావు, ఆవిడ పక్కకి తిరిగి చూస్తూ ఉండేది. దిగే రోజు తెల్లారేసరికి ఆవిడలో ప్రాణం లేదు. రేవులో పేలు చావాలని అందరి నెత్తినా తెల్లటి పురుగుమందు చల్లుతున్నారు. గుమాస్తా, పుసాన్‌లో నాకిచ్చిన చీటీ చూసి 'హత్సునో, కూతురు కజుయో, అంతేనా?' అన్నాడు. అంతే అన్నాను. ముద్ర వేసేశాడు."

"ఆవిడ పేరు?"

"కికునో."

"ఇంటిపేరు? ఏ ఊరు?"

ఇరవై మూడేళ్ళుగా నేను మోస్తున్న రాయి అది. "మా ఊరికి ఇంకో పడవెక్కాలి అనేది. ఏ ఊరని నేను అడగలేదు. అడిగితే నిన్ను తీసుకెళ్ళి వాళ్ళకి ఇచ్చెయ్యాలి కదా. అందుకే అడగలేదు. మరిచిపోయి కాదు, తెలిసే అడగలేదు."

బయట మా ఆయన వల పక్కన పెట్టేసి నిలబడ్డ చప్పుడు వినపడింది.

"అడగాల్సింది," అంది కజుయో. గొంతు గట్టిగానే ఉంది. "వాళ్ళు ఎదురుచూసి ఉంటారు. ఎన్ని ఓడలొస్తే అన్ని ఓడలకీ వెళ్ళి చూసి ఉంటారు."

"అవును."

"ఆవిడ నన్నేమని పిలిచేది?"

"షినో."

"షినో," అని తనలో తను అనుకుంది. ఎవరి చెప్పులో తొడుక్కుని చూసినట్టు ఇంకోసారి అనుకుంది. వచ్చినప్పటి నుంచీ నన్ను ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. నేను చెవి దాని చేతికి అప్పగించి అదే వింటున్నాను. ఇంక అనదు అనుకున్నాను. అనకపోయినా నాకు తగిన శాస్తే అనుకున్నాను.

"రెండో చెవి," అంది. ఇటు తిరిగాను. ఇప్పుడు దాని పొట్ట వైపు నా మొహం. నీళ్ళు కారిపోతుంటే దాని బట్టలకే తుడుచుకున్నాను. అది అడ్డు చెప్పలేదు.

"మరి నీ కజుయోకి?" అంది ఉన్నట్టుండి. "దానికి ఎప్పుడైనా ధూపం వేశావా?"

"ఎలా వేస్తానే? ఆ పేరుతో నువ్వు ఇంట్లో తిరుగుతుంటే? బతికున్న మనిషి పేరున ధూపం వేస్తే ఆయుష్షు తగ్గుతుంది."

"ఒక్కసారి కూడా వెయ్యలేదా?"

"లేదు."

"నాన్న?"

"మీ నాన్న దాని మొహమే చూడలేదు. సైబీరియాలో యుద్ధఖైదీగా ఉండి మూడేళ్ళకి తిరిగొచ్చాడు. ఆ రోజే అంతా చెప్పేశాను. నిద్రపోతున్న నిన్ను చూసి 'పిల్ల అన్నం తిన్నదా?' అని అడిగాడు. మళ్ళీ ఇవాళ్టిదాకా ఆ మాట ఎత్తలేదు."

కజుయో నా తల పట్టుకుని మెల్లగా చాప మీద దించింది. లేచి వెళ్ళి, పోయిన పెద్దల్ని కొలుచుకునే గూటి తలుపులు తెరిచింది. మా అత్తమామల పేర్లు రాసిన చెక్కలు ఉంటాయక్కడ. కొవ్వొత్తి వెలిగించింది. గుమ్మంలో నిలబడ్డ తండ్రిని చూసి, "చేతులు కడుక్కుని రా నాన్నా," అంది. ఆయన కడుక్కుని, తుడుచుకోకుండానే వచ్చి కూర్చున్నాడు.

అది ఒక అగరొత్తి వెలిగించి బూడిద నింపిన గిన్నెలో గుచ్చింది. "ఇది కికునో గారికి," అంది. చేతులు జోడించి చాలాసేపు కూర్చుంది. ఏం చెప్పుకుందో నేను అడగలేదు. తరవాత రెండో అగరొత్తి నా చేతికిచ్చి వెనక్కి జరిగింది.

"ఇది నువ్వే వెయ్యాలి. పేరు పెట్టి పిలువు. పాపం, ఇన్నాళ్ళనుంచీ దాన్నెవరూ పిలవలేదు."

గుచ్చబోతే బూడిద గూటి ముందు ఒలికింది. మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు, ఇద్దరం కలిసి గుచ్చాం. ఇంక పిలవాలి. రోజుకి పదిసార్లు పిలిచే పేరే. అన్నానికి పిలిచాను, బడికి లేపడానికి పిలిచాను, కోపం వచ్చి అరిచాను. నీళ్ళలో వదిలేసిన ఆ పిల్లని మాత్రం ఆ రోజు నుంచీ ఒక్కసారీ పిలవలేదు.

"కజుయో," అన్నాను.

"ఆఁ, అమ్మా," అంది వెనక నుంచి.

అలవాటు మీద వచ్చేసింది. వచ్చాక తనే ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను అగరొత్తి వైపు మొహం తిప్పుకునే, నా పిల్ల కోసం ఆ ఇంట్లో మొదటిసారి పైకి ఏడ్చాను. నేను ఏడుస్తున్నంతసేపూ అది నా వీపు నిమురుతూనే ఉంది.